పుస్తకంలో రాయించని కట్నం

మా అమ్మ వంటింట్లో సొట్టపోయిన స్టీలు చెంబు ఒకటుంది. అంచు కింద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాల్లో ఒకామె పేరు, ఊరి పేరు, 1984 అనే అంకె. పేరులో ఒక వత్తు ఎగిరిపోయింది. కొట్టినవాడు తొందరలో ఉన్నాడో, వాడికొచ్చిన చదువే అంతో. అమ్మానాయినల పెండ్లికి వచ్చిన బిందెలు, గంగాళాలు, పళ్లేలు, టిఫిన్ డబ్బాలు ఒక అర్ర నిండా ఉండేవట. చాలామటుకు పాత సామాన్ల బండెక్కి పోయి ప్లాస్టిక్ బకెట్లుగా తిరిగొచ్చాయి. ఈ చెంబు జోలికి మాత్రం అమ్మ ఎవరినీ రానివ్వదు. ఎందుకని నేను చాలా ఏళ్లు అడగనే లేదు.

ఈ మధ్య ఒక పనిగా పెట్టుకుని కనబడ్డవాళ్లందరినీ ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాను. పెండ్లి భోజనాల దగ్గర, నల్లగొండ బస్టాండులో, మిర్యాలగూడలో రైసుమిల్లు ముందు టీకొట్టు దగ్గర. "ఇప్పటిదాకా మీకు ఎవరన్నా ఇచ్చినవాటిల్ల మరిచిపోలేనిది ఏంది?" దేవరకొండ దగ్గరి తండాలో పుట్టి ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్న ఒకాయన, అమ్మమ్మ ఇచ్చిన మేకపిల్ల అన్నాడు. అది ఈనిన పిల్లలు, వాటి పిల్లలు కలిసి తనను డిగ్రీ దాకా చదివించాయట. ఒక టీచరమ్మ, పదో తరగతి పరీక్షల పొద్దున పక్కింటావిడ తన చేతి నుంచి తీసి పెట్టిన వాచీ అంది. పరీక్షలైపోగానే అది తిరిగి ఇచ్చేసింది కూడా. అయినా కానుక అంటే ఆమెకు అదే గుర్తొస్తుంది.

పెండ్లిలో వచ్చిన ఫ్రిజ్ అని ఒక్కరూ అనలేదు. బంగారం అని కూడా అనలేదు. బంగారం విలువ తెలియక కాదు, తులం ధర ఎంతైందో పొద్దున్నే ఫోనులో చూసుకునే మనుషులే వీళ్లంతా.

"ఖరీదు కాదు, మనసు ముఖ్యం" అనేస్తే కథ ఇక్కడితో అయిపోతుంది. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. మంచి మనసుతో ఇచ్చినవే అటక మీద దుమ్ము పట్టి ఉన్నాయి. నిలదీసి వసూలు చేసుకున్నవి కొన్ని బతుకుల్ని నిలబెట్టాయి. అసలు చిక్కు మన మాటల్లోనే ఉంది. కట్నం, కానుక, పెట్టుపోతలు అనే పేర్ల కింద మనం మూడు వేర్వేరు సంగతుల్ని కలిపేశాం. ఒకటి బదులు. ఇంకొకటి వాటా. ఈ రెండూ పక్కకు తీస్తే మిగిలేది మూడోది. దేన్ని దేనితో కొలుస్తున్నామో తెలియక సగం ఇళ్లలో అలకలు.

ముందు బదులు సంగతి. ఫంక్షన్ హాల్లో భోజనాలకు పోయే దారిలో ఒక టేబుల్ వేసి ఉంటుంది. దాని మీద తాళమున్న పెట్టె, అంచులకు పసుపు రాసిన 200 పేజీల నోటుబుక్కు. లెక్కలో గట్టివాడైన చుట్టం ఒకడు రాస్తుంటాడు, ఇంకొకడు కవర్లు విప్పి నోట్లు లెక్కపెడుతుంటాడు. ఊళ్లలో అయితే మైకు కూడా ఉంటుంది: "ఫలానా ఊరు, ఫలానా వారు, ఐదు వందల పదహార్లూ..." అని సాగదీసి చదువుతారు. వేరే చోట చదివింపులు అనేదాన్ని మా దగ్గర కట్నాలు రాయించుడు అంటారు. వరకట్నానికీ దీనికీ సంబంధం లేదు. "కట్నం రాయించినవా?" అని భోజనాల లైన్లో అడిగితే కోస్తా నుంచి వచ్చిన చుట్టాలు కొందరు ఉలిక్కిపడటం నేను చూశాను.

పెండ్లయ్యాక ఆ పుస్తకం ఎక్కడికి పోతుందో చూడాలి. మా ఇంట్లో అది బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం కింద ఉంటుంది. ఎవరింటి శుభలేఖ వచ్చినా నాయిన ముందు ఆ పుస్తకం తీసేవాడు. వాళ్లు మనకు 116 రాయించి ఉంటే, ఎన్నేళ్లయిందో చూసి, ఇప్పుడు 516 రాయించాలా 1,116 రాయించాలా అని లెక్కేసేవాడు. తక్కువైతే పరువు పోతుంది. మరీ ఎక్కువైతే అవతలివాళ్ల నెత్తిన బరువు పెట్టినట్టు. అంటే ఇది కానుక పేరుతో ఊరంతా కలిసి వేసుకునే వడ్డీలేని చిట్టీ. ఒక ఇంట్లో పెండ్లి ఖర్చు మీద పడ్డప్పుడు నూరు ఇళ్లు తలా కొంచెం వేస్తాయి. తర్వాత ఆ ఇల్లు ఇరవై ఏళ్ల పాటు నూరు ఇళ్లకు తిరిగి కడుతుంది. బ్యాంకు గడప తొక్కని కాలంలో ఎంతమంది ఆడపిల్లల పెండ్లిళ్లు ఈ పుస్తకాల మీద జరిగాయో! కాబట్టి "ఇప్పుడన్నీ లెక్కలే, ప్రేమలెక్కడివి" అని దీన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇది లెక్కే. లెక్కగా చాలా మంచి లెక్క.

ఆ 116లో కూడా లెక్కే ఉందంటారు పెద్దలు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా నడిచేది, ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు మారకం. ఆ ప్రకారం 100 కల్దార్ రూపాయలు కావాలంటే 116 రూపాయల 10 అణాల పైచిలుకు హాలీ పోయాలి. ఎక్కడ చెల్లినా నిండు నూరుగా నిలవాలని 116 ఇచ్చేవారని, అదే ఆచారమైపోయిందని చెబుతారు. ఆ సిక్కా పోయి ఎన్నో ఏళ్లయినా అంకె పోలేదు. ప్రభుత్వం కూడా దాన్ని వదల్లేదు. పేదింటి ఆడపిల్లల పెండ్లికి తెలంగాణ సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి 2014 అక్టోబరులో 51,000తో మొదలైంది, దాన్ని 2017లో 75,116 చేశారు, 2018లో 1,00,116 చేశారు. లక్ష మీద ఆ 116 ఏ ఆర్థిక సూత్రం ప్రకారమూ అక్కర్లేదు. చెక్కు చెక్కులా కాక కట్నంలా కనబడాలని చేసిన పని అది.

బట్టల దుకాణాల్లో ఇంకో మాట ఉంది. నల్లగొండ ప్రకాశం బజారులో ఏ చీరల షాపుకు పోయినా "కట్టుకునేటందుకా, పెట్టుబడికా?" అని అడుగుతారు. పెట్టుబడి చీరలు వేరే అరల్లో, కట్టలు కట్టలుగా ఉంటాయి. పెట్టడానికి కొనేది కాబట్టి పెట్టుబడి. కానీ ఆ మాటకున్న రెండో అర్థం తెలియని తెలుగువాడు ఉండడు. ఆ చీరలకు ఎవరి ఒంటి మీదికీ పోయే యోగం ఉండదు. పెట్టిన మడత పెట్టినట్టే ఒక ఇంటి బీరువా నుంచి ఇంకో ఇంటి బీరువాకు తిరుగుతుంటాయి. మా చిన్నమ్మ ఒకసారి సూర్యాపేటలో పెట్టిన చీర మూడేళ్ల తర్వాత హుజూర్‌నగర్‌లో ఆమెకే తిరిగొచ్చింది. కొంగు అంచు మీద చిన్న పెన్ను మరకను బట్టి గుర్తుపట్టింది. కోపం రాలేదట, నవ్వొచ్చిందట. ఆ లెక్కన చూస్తే స్టీలు గిన్నె మీద పేరు కొట్టించడం ఎంత తెలివైన పనో అర్థమవుతుంది. పేరున్న గిన్నెను ఇంకొకరికి పెట్టలేం.

వాటా సంగతి దీనికంటే చిక్కు.

ఒడిబియ్యం పోసేటప్పుడు దగ్గరి నుంచి చూడండి. కూతురిని పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఒడిలో పోస్తారు. వాటితో పాటు ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు, రూపాయి బిళ్లలు, కనుము అనే రవికెగుడ్డ. పెండ్లప్పుడు ఒకసారి పోసి ఊరుకోరు, మూడేళ్లకో ఐదేళ్లకో మళ్లీ పిలిచి పోస్తారు. "మా అన్న ఒడిబియ్యం పోసి ఎన్నేండ్లయింది" అని ఆడబిడ్డ నలుగురిలో అనిందంటే అది ఆ అన్నకు తలవంపు. అంటే ఇది దయ కాదు, రావలసింది. అడిగి పుచ్చుకోదగ్గది. మా వైపు ఇంకో చిన్న పని చేస్తారు. బియ్యం మూట కట్టుకుని లేచేముందు కూతురు అందులోంచి ఐదు పిడికిళ్లు తీసి తల్లిగారింట్లోనే వదిలి పోతుంది. అత్తగారింటికి పోయాక మిగతా బియ్యం వండి వాడకట్టును పిలిచి పెడుతుంది. చిన్నప్పుడు ఆ ఐదు పిడికిళ్లు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. తీసుకున్న మనిషి వట్టి తీసుకున్న మనిషిగా గడప దాటకూడదని ఏ ఆడమనిషి ఆలోచించి పెట్టిందో గానీ, గట్టి ఆలోచన.

కానీ బియ్యం బియ్యమే, భూమి భూమే. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది. అప్పటికే పెండ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ ఆ తేడా కూడా తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు కూతురిదేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మన ఊళ్లలో ఇప్పటికీ మాట ఎలా ఉంటుంది? "పెండ్లప్పుడు అంత పెట్టినం, ఒడిబియ్యం పోస్తున్నం, పండుగకు చీర పెడుతున్నం, ఇంకేం కావాలె?" వాటా ఇవ్వాల్సిన చోట కానుకలు లెక్కలోకి వస్తాయి. అక్కచెల్లెలు తన వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి వచ్చిన రోజు మాంచి పట్టుచీర పెడతారు. ఆ చీర ఎంత మెత్తగా ఉంటుందో అంత గుచ్చుకుంటుంది. ఇలాంటి చీరను బీరువాలో మడతైనా విప్పకుండా పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు నాకు తెలుసు. నన్ను అడిగితే అది కానుక కాదు, రసీదు.

కొందరు తండ్రులు పసుపుకుంకుమ కింద ఎకరమో రెండెకరాలో ఇస్తారు. ఇచ్చినట్టు తెల్లకాగితం మీద రాసి నలుగురు పెద్దమనుషులతో సంతకాలు పెట్టిస్తారు. ఇక్కడ ఒక పనికొచ్చే మాట చెప్పాలి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం భూమిని దానంగా ఇస్తే ఇద్దరు సాక్షులతో దానపత్రం రాసి రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. తీసుకునేవాళ్లు, ఇచ్చినాయన బతికి ఉండగానే ఒప్పుకుని తీసుకోవాలి. ముస్లింలకు హిబా ఉంది. నోటితో ఇచ్చి, అవతలివాళ్లు ఒప్పుకుని, ఆస్తి స్వాధీనం చేస్తే చెల్లుతుంది. మిగతావాళ్లకు నోటిమాట చాలదు. తెల్లకాగితం అన్నదమ్ములు మంచిగా ఉన్నన్నాళ్లే కాగితం. ఒకసారి రిజిస్టరయ్యాక మనసు మారిందని వెనక్కి తీసుకోవడానికి లేదు. ముసలితనంలో చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి, పిల్లలు చూడకపోతే 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో దగ్గరికి పోయి దాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు పత్రంలో రాయించుకోవడానికి తల్లిదండ్రులు మొహమాటపడతారు. మొహమాటం ఒద్దని చెప్పండి.

చట్టానికి ఇంకో పుస్తకం కూడా ఉంది, ఎవరూ రాయరు. 1961 వరకట్న నిషేధ చట్టం అడక్కుండా ఇచ్చిన పెండ్లి కానుకలను తప్పు పట్టదు. కానీ 1985 నిబంధనల ప్రకారం వాటికి ఒక జాబితా రాయాలి. ఏ వస్తువు, సుమారు విలువ, ఎవరిచ్చారు, వాళ్లేమవుతారు అన్నీ రాసి పెండ్లికొడుకు, పెండ్లికూతురు సంతకాలు పెట్టాలి. 116 రూపాయల కట్నానికి మైకు పెట్టి మరీ పుస్తకం రాసే మనం, పిల్లకు పెట్టిన ఇరవై తులాల బంగారానికి ఒక్క కాగితం రాసుకోం. రేపు తేడా వస్తే ఏది ఆమెదో తేల్చడానికి పోలీస్ స్టేషన్లో కూర్చుని ఫోటోల ఆల్బం తిప్పుకోవాల్సి వస్తుంది.

కానుకకూ వాటాకూ ఉన్న ఈ తగాదాను ఒక మనిషి మా పాత నల్లగొండ జిల్లాలోనే దేశం మొత్తానికి వినబడేలా లేవనెత్తాడు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే నడుచుకుంటూ పోచంపల్లికి వచ్చాడు. సాయుధ పోరాటం ఇంకా పూర్తిగా చల్లారని రోజులు. ఊరి దళితులు తమకు 80 ఎకరాలుంటే బతుకుతామన్నారు, 40 తరి అంటే నీటి పారకం ఉన్నది, 40 కుష్కి అంటే మెట్ట. అక్కడ చేరినవాళ్లను వినోబా అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అడిగినదాని కన్నా ఇరవై ఎక్కువ. ఆ యాత్రలో తెలంగాణలో 51 రోజుల్లో దాదాపు 12 వేల ఎకరాలు వచ్చాయి. ఊరికి భూదాన్ పోచంపల్లి అనే పేరు మిగిలింది.

అదంతా పాఠాల్లో చదివిందే. నాకు ఆసక్తి కలిగించేది వినోబా అడిగిన పద్ధతి. ఆయన బిచ్చంలా అడగలేదు. మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరో కొడుకు అనుకుని నా వాటా ఇవ్వండి అనేవాడు. దానం అంటే సమంగా పంచుకోవడం అని శంకరాచార్యుల మాట ఎత్తి చెప్పేవాడు. అంటే కానుక భాషలో వాటా అడిగాడన్నమాట. ఇచ్చినవాళ్లలో కొందరు మనసుతో ఇచ్చారు, కొందరు భయంతో ఇచ్చారు. రెండూ కలిసే ఉంటాయి, అందులో విడ్డూరం లేదు. విడ్డూరం తర్వాతిది. చాలామంది వాటా అనుకోకుండా దానం అనుకునే ఇచ్చారు. దానం అనుకున్నవాడు తనకు పనికిరానిదే ముందు ఇస్తాడు. దేశమంతా కలిపి 40 లక్షల ఎకరాలకు పైగా వచ్చినా, అందులో రాళ్లూ గుట్టలూ ఎన్నో, హద్దులు చూపనివి ఎన్నో. 1965లో భూదాన చట్టం చేసినా చాలాచోట్ల కాగితం ఒకరి చేతిలో, నేల ఇంకొకరి కింద. వాటా అనుకుని ఉంటే సర్వేయరును పిలిచి గొలుసు పట్టించి హద్దురాళ్లు పాతేవాళ్లు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు గెట్టు దగ్గర జానెడు కూడా వదలరు కదా.

ఇక మూడోది. బదులూ కాదు, వాటా కూడా కాదు.

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింది ఊరు. మా మేనత్తను మర్రిగూడ వైపు ఇచ్చారు. అప్పట్లో ఆ ఊళ్లకు పిల్లనియ్యాలంటే జంకేవాళ్లు. బోరునీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు, అక్కడ దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఎదిగే పిల్లల కాళ్లు వంకరపోయేవి, పళ్ల మీద పసుపు చారలు. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. ఇలాంటి పేరు ఏ జిల్లాకూ రావద్దు. మేనత్తకు నెలలు నిండుతున్నప్పుడు నాయిన పదిహేను రోజులకోసారి ఆ ఊరికి పోయేవాడు. రెండు చేతుల్లో అయిదేసి లీటర్ల నూనె డబ్బాలు, బాగా కడిగి మా ఊరి మంచినీళ్లు నింపినవి. రెండు బస్సులు మారాలి. మూత దగ్గర పాలిథిన్ కవరు పెట్టి బిగించినా ఒళ్లో కారేవట. పది లీటర్లు ఒక మనిషికి ఎన్నిరోజులొస్తాయి? లెక్కేస్తే ఏమీ కాదు. ఆమె మిగతా రోజులు ఆ బోరునీళ్లే తాగింది. నాయిన పోయి తొమ్మిదేళ్లయింది. పెండ్లిలో ఆయన పెట్టిన పుస్తెలతాడు సంగతి మేనత్త ఎన్నడూ ఎత్తదు. "మీ నాయిన ప్యాంటు తడుపుకుంట వచ్చేటోడు" అని మాత్రం ప్రతిసారీ అంటుంది. ఇప్పుడు వాళ్ల ఇంట్లో నల్లా తిప్పితే కృష్ణా నీళ్లే వస్తాయి.

కోస్గి దగ్గరి ఊరు నుంచి వచ్చిన నా స్నేహితుడి కథ ఇంకోటి. పాలమూరులో వాడి వయసువాళ్లను ఎవరిని కదిలించినా ఇలాంటిది ఒకటి ఉంటుంది. వాడి అమ్మానాయినలు దసరా కాగానే పుణె వైపు మట్టిపనికి పోయేవాళ్లు, మిరుగు వానలకు వచ్చేవాళ్లు. పిల్లలు ముసలమ్మ దగ్గర. ఒక ఏడు వాళ్లమ్మ వీడికి చెప్పులు తెచ్చింది, నీలం పట్టీలవి. పాదం పట్టలేదు. ఎనిమిది నెలల కింద తాను చూసిన కాలుకు తెచ్చింది, ఆ కాలు ఇప్పుడు లేదు. వాడు మడమ బయటికి పెట్టుకునే రెండు నెలలు తొడిగాడట, అమ్మ చూస్తుండగా విప్పేవాడు కాదు. మళ్లీ దసరాకు పోయేముందు రాత్రి వాళ్లమ్మ చీపురుపుల్ల ఒకటి తీసి, నిద్రపోతున్న వాడి అరికాలికి ఆనించి కొలిచింది. మెలకువ వచ్చినా కదలకుండా పడుకున్నాడు వీడు. కాలి అంచు దగ్గర తుంచబోయి ఆగి, ఒక వేలు వెడల్పు వదిలి అక్కడ తుంచింది. పుల్లను రవికెలో పెట్టుకుంది. ఆ తర్వాతి ఏడు వచ్చిన చెప్పులు ఏ రంగువో వాడికి గుర్తు లేదు. ఆ వేలు వెడల్పు గుర్తుంది.

నేను అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబులన్నీ తిరగేస్తే, చివరికి ఇలాంటివే తేలాయి. ఇచ్చింది వస్తువే. గుర్తున్నది మాత్రం, నా కాలు ఎంత పెరుగుతుందో ఒక మనిషి కూర్చుని ఊహించింది అన్నది. వాచీ ఇచ్చిన పక్కింటావిడకు పరీక్ష హాల్లో గోడగడియారం ఉండదని ఎలా తోచింది? ఇలాంటిదాన్ని పుస్తకంలో ఏ గడిలో రాస్తారు, తిరిగి ఎంత రాయిస్తారు? అందుకే ఇది బదులు లెక్కలో పడదు. మనకు రావలసింది అని అడగడానికీ లేదు.

దేవుడికి ఇచ్చేది ఇందులోకి వస్తుందా అని ఒకాయన నన్ను ఇరకాటంలో పెట్టాడు. గద్వాల నుంచి ఏటా బ్రహ్మోత్సవాల ముందు తిరుమలకు ఏరువాడ జోడు పంచెలు పోతాయి. సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆచారం. నేసేవాళ్లు 41 రోజులు దీక్షలో ఉండి నేస్తారు. తిరిగి ఏమీ ఆశించని కానుకకు ఇంతకన్నా ఉదాహరణ ఏముంటుంది అన్నాడాయన. ఉండకపోవచ్చు. కాకపోతే అది అందుకునేది వడ్డికాసులవాడు. కుబేరుడి దగ్గర చేసిన పెండ్లి అప్పు ఇంకా తీరుస్తున్నాడని మనమే చెప్పుకుంటాం. మన దేవుడిని కూడా కట్నాల పుస్తకం వదల్లేదు.

తీసుకోవడం ఇవ్వడం కన్నా కష్టమని మా అమ్మ అంటుంది. చెంబు కథ అడిగితే చెప్పిన మాట అది.

ఆ చెంబు ఇచ్చినామె మా అమ్మమ్మవాళ్ల పొలంలో నాట్లకు, కలుపుకు వచ్చేది. పెండ్లి రోజు కట్నాల టేబుల్ దగ్గరికి పోలేదు. వెయ్యిన్నూట పదహార్లు చదివిన మైకులోనే తన చెంబు కూడా చదువుతారని. బంతి భోజనాలన్నీ అయ్యాక దొడ్డి తలుపు నుంచి వచ్చి, కొంగు చాటు నుంచి చెంబు తీసి అమ్మ చేతిలో పెట్టి, "అత్తగారింట్ల దూపైతే ఎవర్ని అడుగుతవ్ బిడ్డా, దగ్గర పెట్టుకో" అందట. కొత్త కోడలు అర్ధరాత్రి లేచి నీళ్లకు వంటింట్లోకి పోవడానికి ఎంత జంకుతుందో ఆమెకు తెలుసు. అమ్మ మొదటి ఏడాదంతా ఆ చెంబు మంచం కింద పెట్టుకుని పడుకుంది.

పదేళ్లకు ఆమె బిడ్డ పెండ్లి వచ్చింది. నాయిన ఎప్పటిలాగే పుస్తకం తీశాడు, ఆమె పేరు లేదు. లేని పేరుకు ఎంత బదులు పెట్టాలో తెలియక, అమ్మ బీరువాలోంచి ఒక పెట్టుబడి చీర తీసుకుని పోయింది. "ఆమె చీర మడత చూడంగనే గుర్తువట్టింది. ఏమనలే. మంచిగుంది బిడ్డా అన్నది," అని చెప్పి అమ్మ చెంబు తోముతూ కూర్చుంది. నలభై ఏళ్లలో అమ్మ చేసిన పనుల్లో ఆమెకు నిద్ర పట్టనివ్వనిది ఇదొక్కటే అనుకుంటా.

పోయిన నెల అమ్మ ఫోన్ చేసింది. చెంబు ఇచ్చినామె ఇప్పుడు లేదు. మనుమరాలికి సంబంధం కుదిరిందట, మాఘమాసంలో పెండ్లి. ఎంత రాయిద్దామని అడిగాను.

"రాయించేది నువ్వు రాయించుకో. నేను వాళ్ల వాడకట్టుకు పోయొచ్చిన. పిల్ల చెయ్యి పట్టుకొని ముచ్చట వెట్టుకుంట చూసిన. రెండున్నాలుగు గాజులు పడతయ్. ఎడమ చెయ్యికి ఇంత బిర్రుగుంటయ్ గనీ, పడతయ్."